సీడీ ప్లేయరా, ఫోనా, బ్లూటూతా? ఇంటి స్టీరియోకి ఏది తగిలించుకోవాలి

మా బావ తెనాలి నుంచి వస్తూ తన సీడీ ప్లేయర్‌ని బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాడు. "నీ ఫోన్ పాట ఒకసారి, నా సీడీ ఒకసారి, నీ స్పీకర్ల మీదే వినిపిస్తా. విన్నాక మాట్లాడు బామ్మర్దీ" అన్నాడు. నా ఆంప్ (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్) వెనక ఆర్సీఏ ఇన్‌పుట్లు, అంటే ఎరుపు తెలుపు పిన్నులు గుచ్చే చోట్లు, రెండు జతలున్నాయి. ఒకదానికి ఆయన ప్లేయర్, ఇంకోదానికి ఫోన్ డాంగిల్ (ఫోన్‌కి ఆడియో వైరు కలపడానికి పెట్టే చిన్న అడాప్టర్) తగిలించాం. ఆ సీడీనే నేను ఎప్పుడో రిప్ చేసుకున్నాను, అంటే పాటలను ఫైళ్లుగా మార్చుకున్నాను, ఆ ఫైలు ఫోన్లో ఉంది. సెలెక్టర్ నాబ్ రెండుసార్లు అటూ ఇటూ తిప్పేసరికి ఇంట్లో అందరం ఒకే మాట అన్నాం. సీడీలో గొంతు ముందుకొచ్చింది, మృదంగం నిండుగా ఉంది. ఫోన్లో అదే పాట పక్కగదిలోంచి వస్తున్నట్టుంది.

మా బావ కాఫీ అడిగాడు, గెలిచినవాడి దర్జాతో.

కాఫీ వచ్చేలోపు నేను మల్టీమీటర్ తీశాను. 400 హెర్ట్జ్ టోన్ ఒకటి ఖాళీ సీడీ మీద రాసి, అదే ఫైలు ఫోన్లోకీ ఎక్కించి, వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టేజీ చూశాను. సీడీకి 2.02 వోల్టులు, ఫోన్‌కి 0.98. అంటే సీడీ ఆరు డెసిబెల్స్‌కి పైగా గట్టిగా మోగుతోంది. ఇందులో మాయేమీ లేదు. సీడీ ప్లేయర్లు మామూలుగా 2 వోల్టుల దాకా ఇస్తాయి, చిన్న డాంగిళ్లు 1 వోల్టు దగ్గర ఆగిపోతాయి. గట్టిగా వినిపించేది మన చెవికి బాగున్నట్టే తోస్తుంది. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ ఇంకా తక్కువగా అందుతుందని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. మృదంగం 'నిండుగా' ఉండడానికి కారణం అదే.

తర్వాత మా అమ్మాయి రంగంలోకి దిగింది. వాల్యూమ్ నాబ్ చుట్టూ రెండు బొట్టుబిళ్లలు అంటించింది, ఒకటి సీడీకి, ఒకటి ఫోన్‌కి. ఎక్కడ ఆపితే మీటర్ ఒకే అంకె చూపిస్తుందో అక్కడ. 1.00, 1.02 దాకా తెచ్చాం. డెసిబెల్స్‌లో 0.2 లోపు తేడా, అంతకంటే దగ్గరికి తేవడం మా వల్ల కాలేదు. బావ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇన్‌పుట్ మార్చినా మార్చకపోయినా ప్రతిసారీ నాబ్ తిప్పి, మళ్లీ తెచ్చి, పాట మొదటినుంచి పెట్టాలని షరతు. లేకపోతే నాబ్ చప్పుడే జవాబు చెప్పేస్తుంది. 16 సార్లు అడిగాం, 9 సరిగ్గా చెప్పాడు. బొమ్మాబొరుసూ వేసినా 8 వస్తాయి. గాలివాటం కాదని నమ్మాలంటే 16కి కనీసం 12 రావాలి.

"మామయ్యా, మీరు పాసవ్వలేదు" అంది మా అమ్మాయి. "ఇవాళ కరెంటు సరిగా లేదమ్మా" అన్నాడాయన.

మీ ఇంట్లో ఈ పరీక్ష చేస్తే ఒక జాగ్రత్త. పలకలాంటి చవక పసుపు మీటర్లలో ఏసీ స్కేలు 200 వోల్టుల నుంచే మొదలవుతుంది. ఒకటి రెండు వోల్టుల మధ్య తేడా దానికి తెలియదు. 2 వోల్టులదో 20 వోల్టులదో ఏసీ స్కేలున్న మీటర్ కావాలి. టోన్ కూడా 400 హెర్ట్జ్‌లోపే ఉంచండి, మామూలు మీటర్లు ఆపైన తప్పు చూపిస్తాయి. మీటర్ వైర్ల కొసలు రెండూ ఒకదానికొకటి తగిలితే ఆంప్‌కి ప్రమాదం.

ఇంత కథ ఎందుకంటే, ఏ సోర్స్ బాగుందని ఎవరిని అడిగినా వచ్చే జవాబుల్లో సగం ఈ వాల్యూమ్ తేడా నుంచి పుట్టినవే. దాన్ని తీసేశాక కూడా మిగిలే తేడాలు కొన్నున్నాయి, డబ్బు పెట్టాల్సింది వాటి మీద.

128 కేబీపీఎస్ ఎక్కడ దొరికిపోతుంది

సీడీలో ఒక సెకనుకి 1411 కిలోబిట్లుంటాయి (కేబీపీఎస్ అంటే ఈ లెక్కే). ఐదు నిమిషాల పాటకి 50 ఎంబీ పైన. ఫ్లాక్ లాంటి లాస్‌లెస్ ఫైలు ఒక్క బిట్టు కూడా పారేయకుండా దాన్ని దాదాపు సగానికి మడతపెడుతుంది. ఎంపీ3 మాత్రం చెవికి వినపడదనుకున్నదాన్ని పారేస్తుంది. 320 కేబీపీఎస్ దగ్గర అదే పాట 12 ఎంబీ, 128 దగ్గర 5 ఎంబీ లోపు. ఒకప్పుడు బస్టాండ్ల దగ్గర అమ్మిన 'నూట యాభై పాటలు ఒకే సీడీలో' కిటుకు ఇదే. 700 ఎంబీ సీడీలో 128 దగ్గర పన్నెండు గంటల పాటలు పడతాయి.

ఈ పారేయడం ఎక్కడ తెలుస్తుందో వినాలంటే సినిమా పాట కన్నా హరికథ మేలు. చిడతలు వినండి. చిడత మోగేముందు క్షణం నిశ్శబ్దం, వెంటనే 'టక్', వెనకే చిన్న గజ్జెల గలగల. ఎంపీ3 శబ్దాన్ని ముక్కలుగా కోసి కుదిస్తుంది. ఒక్కో ఫ్రేము సుమారు 26 మిల్లీసెకన్లు. కుదింపులో పుట్టిన చెత్త ఆ ముక్క అంతటా పరుచుకుంటుంది, అంటే 'టక్' కన్నా ముందున్న నిశ్శబ్దంలోకి కూడా. ఇలాంటి చోట ముక్కలు చిన్నవి చేసుకోవాలని ఎన్‌కోడర్‌కి తెలుసు గానీ 128 దగ్గర అందుకు సరిపడా బిట్లుండవు. అప్పుడు చిడత మోగే ముందే చాటలో బియ్యం చెరిగినట్టు 'స్స్' అని వినిపిస్తుంది. ఒకసారి పట్టుకున్నారా, ఇక వద్దన్నా వినిపిస్తూనే ఉంటుంది. చప్పట్లు, తాళాలు, తంబుర తీగల మీది జీర కూడా ఇలాగే బయటపెట్టేస్తాయి.

ఇదే పాటను 320 చేసి విన్నాను. కంప్యూటర్లో ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌కి ఏబీఎక్స్ అనే పరీక్ష తగిలించుకోవచ్చు. ఏది ఏదో చెప్పకుండా వినిపించి మార్కులు వేస్తుంది. 128కి, సీడీకి మధ్య 16కి 15 తెచ్చుకున్నాను. 320కి, సీడీకి మధ్య 7. చెవుల మీద గర్వమున్నవాళ్లు ఒకసారి చేసి చూడండి. నాకైతే ఒకరోజంతా మూడ్ పాడైంది.

కాబట్టి యూట్యూబ్ పాట దగ్గర తేడా నిజమే. అక్కడ మామూలుగా వచ్చే ఆడియో 128 కేబీపీఎస్ చుట్టుపక్కలే. ఎంపీ3 కన్నా మెరుగైన పద్ధతిలో కుదిస్తారు కాబట్టి అంత నాసిగా ఉండదు, కానీ ఎవరో పాత ఎంపీ3 తెచ్చి అప్‌లోడ్ చేస్తే కుదించినదాన్ని మళ్లీ కుదించినట్టే. పాటల యాప్‌లకు డబ్బు కట్టేవాళ్లకి ఇబ్బంది లేదు. స్పాటిఫై ప్రీమియంలో 320 దాకా ఎప్పటినుంచో ఉంది, 2025లో లాస్‌లెస్ కూడా వచ్చింది, మన దేశంలో అయితే పై ప్లాన్‌లోనే. యాపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనపు డబ్బు లేకుండా లాస్‌లెస్ ఇస్తోంది. అయితే సెట్టింగుల్లోకి వెళ్లి మనమే ఆన్ చేయాలి. చాలామంది చందా కడతారు, క్వాలిటీ మాత్రం 'ఆటోమేటిక్' మీదే వదిలేస్తారు. వైఫైకి, మొబైల్ డేటాకి సెట్టింగులు వేరువేరు, రెండూ చూసుకోండి. లాస్‌లెస్‌కి గంటకి 400 ఎంబీ దాకా అవుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద నాలుగు గంటలు కూడా రాదు.

బ్లూటూత్

నాకు బ్లూటూత్ మీద కోపం లేదు. పండక్కి వచ్చిన మేనల్లుడు తన ఫోన్లోంచి పాట పెట్టాలంటే దాన్ని మించిన సుఖం లేదు. కానీ అది పాటను దాని దారిన పోనివ్వదు. ఫోన్ ముందు పాటను విప్పుతుంది, మళ్లీ ఎస్‌బీసీ, ఏఏసీ అనే కుదింపు పద్ధతుల్లో ఒకదాంట్లోకి కుదించి గాల్లోకి పంపుతుంది, ఆంప్ మళ్లీ విప్పుతుంది. మీరు లాస్‌లెస్‌కి కట్టిన డబ్బు మధ్యదారిలోనే ఆవిరి. అన్ని పరికరాలకీ తెలిసిన ఎస్‌బీసీ బాగా పనిచేస్తే 328 కేబీపీఎస్ దాకా వెళ్తుంది. ఎల్‌డాక్ అనే ఇంకో కుదింపు పద్ధతి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్, అదే ఉన్న రిసీవర్ కలిస్తే 990 దాకా వస్తుంది, కానీ సిగ్నల్ తగ్గితే 660కో 330కో దిగుతుంది. ఐఫోన్ వాళ్లకి ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప ఇంకో దారి లేదు, ఎంత ఖరీదైన రిసీవర్ కొన్నా సరే. ఇది చూసుకోకుండా 'ఎల్‌డాక్ సపోర్ట్' అని రాసుందని కొని బాధపడినవాళ్లు నాకు తెలుసు.

నా చెవికి మంచి బ్లూటూత్‌కి, వైరుకి తేడా చిన్నదే. వంట చేస్తూ వింటే అసలు తెలియదు. నన్ను విసిగించేది వేరే. ఆలాపన మధ్యలో ఓటీపీ వచ్చి 'టింగ్' అంటుంది. అది రెండు స్పీకర్లలోనూ, బ్రహ్మాండమైన స్టీరియోలో.

వైరు

తక్కువ ఖర్చులో అసలైన మెరుగు ఇక్కడే. టైప్‌సీ నుంచి 3.5 ఎంఎం జాక్ ఇచ్చే చిన్న డాంగిల్, దాన్నుంచి రెండు ఆర్సీఏ పిన్నుల కేబుల్. డాంగిల్ లోపల డాక్ చిప్ (బిట్లను ఆంప్‌కి అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చేది) ఉండాలి. ఒట్టి వైరు మాత్రమే ఉన్న అడాప్టర్లు కొన్ని ఫోన్లలో అసలు మోగవు. ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఈక్వలైజర్లూ ఎఫెక్టులూ ఆపేసి, తగ్గించడం పెంచడం ఆంప్ దగ్గరే చేయండి. కొన్ని ఫోన్, డాంగిల్ జోడీల్లో వాల్యూమ్ నిండా పెట్టినా శబ్దం పీలగా వస్తుంది. అందుకే తిరిగి ఇచ్చేసే వీలున్న చోట కొనండి. మా బావ పరీక్షలో ఓడింది ఇలాంటి డాంగిల్ చేతిలోనే, వెయ్యి రూపాయలకి అటూ ఇటూ.

లాప్‌టాప్‌తో ఒక తలనొప్పి ఉంది. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమని సన్నటి రొద. నేను రెండు కేబుళ్లు మార్చాను, ఆంప్ పాడైందనుకుని టెన్షన్ పడ్డాను. చార్జర్ పీకేస్తే రొద ఆగిపోయింది. ఆంప్ ఒక దారిలో, చార్జర్ ఒక దారిలో ఎర్త్‌కి కలిసి మధ్యలో ఆడియో కేబుల్ గుండా కరెంటు తిరిగితే ఇలా అవుతుంది. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే, లాప్‌టాప్‌కి ఆప్టికల్ అవుట్ ఉంటే, ఆప్టికల్ కేబుల్‌తో కలిసే డాక్ వాడండి. అందులో వెళ్లేది వెలుతురు, రొదకి దారే ఉండదు.

వైఫై స్ట్రీమర్

వైఫై మీద పాటలు తెచ్చుకుని ఆంప్‌కి ఇచ్చే చిన్న డబ్బా ఇది. రోజూ రెండు మూడు గంటలు వినేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఫోన్ ఇక్కడ రిమోట్ మాత్రమే. స్పాటిఫై కనెక్ట్‌లాంటి పద్ధతిలో పాట నేరుగా ఇంటర్నెట్ నుంచి స్ట్రీమర్‌కి వస్తుంది. ఫోన్ పట్టుకుని కూరగాయలకి వెళ్లిపోయినా పాట ఆగదు. మళ్లీ కుదించడం లేదు, టింగ్‌లు లేవు. విమ్ లాంటి చిన్న డబ్బాలున్నాయి. చేతిపని ఇష్టమైతే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద వాల్యూమియో అనే ప్రోగ్రాం ఎక్కించుకోవచ్చు, నేను వాడేది అదే. కొనేముందు మీ యాప్ దాంట్లో నేరుగా పనిచేస్తుందో లేదో చూసుకోండి. అన్ని యాప్‌లూ అన్ని డబ్బాల్లో ఉండవు. రూటర్ ఒక మూల, హాలు ఇంకో మూల ఉన్న ఇళ్లలో వైఫై అందక పాట తెగుతుంది. అప్పుడు డాంగిల్ సుఖం.

సీడీ, అటక మీది డీవీడీ ప్లేయర్

సీడీ 1982లో జపాన్ మార్కెట్లోకి వచ్చింది. ఇంటి స్టీరియోకి ఇప్పటికీ దానికి వంక పెట్టడానికి లేదు. ఇంట్లో సీడీల డబ్బా ఉండి ప్లేయర్ లేకపోతే కొత్తది కొనేముందు అటక ఎక్కి చూడండి. పాత డీవీడీ ప్లేయర్ ఆడియో సీడీలను మామూలుగానే పాడుతుంది, టీవీ తగిలించనక్కర్లేదు. చాలావాటికి వెనక నారింజ రంగు కోయాక్సియల్ పిన్ను ఉంటుంది. దాన్ని డాక్‌కి కలిపితే సీడీలో ఉన్న బిట్లే డాక్‌కి చేరతాయి. ఇక ఆ ప్లేయర్ ఎంత చవకదైనా పట్టింపు లేదు, లోపలి మోటారు రొద చేస్తే తప్ప.

అంతకన్నా మంచి పని రిప్ చేయడం. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఉచితం. అది చదివినదాన్ని అదే సీడీని రిప్ చేసిన ఇతరుల లెక్కతో పోల్చి, సరిపోయిందో లేదో చెబుతుంది. ఇంట్లో రాసుకున్న సీడీలను ముందు చేయండి. వాటి రంగుపొర మన ఎండలకి ఎన్నాళ్లు నిలుస్తుందో నమ్మకం లేదు.

పెన్‌డ్రైవ్ పాటలకి ఒక్క హెచ్చరిక. సైట్లలో '320' అని పెట్టినవాటిలో కొన్ని 128ని ఉబ్బించినవి. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిస్తే రంగుల బొమ్మ వస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు నల్లగా ఆగిపోతే అనుమానించండి. సంచీ పెద్దది, సరుకు అదే. 1960ల నాటి పాటలకి ఈ పరీక్ష వర్తించదు, వాటిలో పైన మొదటినుంచీ పెద్దగా ఏమీ ఉండదు.

టీవీ ఆప్టికల్ అవుట్ గురించి అడుగుతుంటారు. పనిచేస్తుంది. పాట కోసం టీవీ వెలిగించడం నాకు నచ్చదు, అంతే.

24 బిట్, 192 కిలోహెర్ట్జ్ హైరెస్ (సీడీ కన్నా ఎక్కువ బిట్లున్న ఫైళ్లు) కోసం అదనంగా ఖర్చు పెట్టొద్దు. సీడీ 22 కిలోహెర్ట్జ్ దాకా మోయగలదు. నలభై దాటిన చెవికి 15 దాకా అందితే గొప్ప. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు హైరెస్ డిస్కులను నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి 554 సార్లు అడిగారు. సరైన జవాబులు 276. మా బావ ఒంటరివాడు కాదు.

సోర్స్ కన్నా పెద్ద తేడా: ఏ కాపీ

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నేను గంటలు గంటలు తగలేసింది ఇక్కడే. పాత తెలుగు పాట ఏదైనా యాప్‌లో వెతకండి. ఒకే పాట నాలుగైదు ఆల్బమ్‌లలో వస్తుంది, అసలు సినిమా పేరుతో ఒకటి, 'హిట్స్' పేరుతో రెండు, 'రీమాస్టర్డ్' అని ఇంకోటి. ఇవి ఒకే టేపు నుంచి ఒకేలా తీసినవి కావు. ఒకదాంట్లో గీరుడు చప్పుడుంటుంది కానీ గొంతు బతికుంటుంది. ఇంకోదాంట్లో గీరుడు తీసేసే క్రమంలో గాయకుడి ఊపిరి కూడా తీసేస్తారు. మోనో పాటకి ఎకో కలిపి స్టీరియో అని పెట్టినవి ఉంటాయి. టేపు వేగం తేడాతో శ్రుతి కొంచెం పైకి పోయినవీ ఉంటాయి. తంబుర యాప్ పక్కన పెట్టుకుని వింటే ఇది ఇట్టే తెలిసిపోతుంది. రీమాస్టర్లలో చాలావాటికి శబ్దమంతా పైకి నొక్కేసి, మెల్లగా పాడిన చోటుకీ గట్టిగా పాడిన చోటుకీ తేడా లేకుండా చేస్తారు. మొదటి నిమిషం భలే అనిపిస్తుంది, మూడో పాటకి తలనొప్పి.

ఇక్కడి తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత. మంచి కాపీని బ్లూటూత్‌లో వినడం, పాడైన కాపీని లాస్‌లెస్‌లో వినడం కన్నా వెయ్యి రెట్లు నయం. 1990లలో కొన్న సీడీలుంటే పారేయొద్దని చెప్పేది అందుకే. అందులో ఉన్న కాపీ యాప్‌లో ఉండకపోవచ్చు. పోల్చేటప్పుడు యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటల శబ్దాన్ని యాప్ తనంతట తాను మార్చే సెట్టింగు) ఆపేసి, మీటర్ లేకపోయినా చేత్తోనైనా శబ్దాలు సమానం చేసుకోండి. లేకపోతే మళ్లీ గట్టిగా ఉన్నదే గెలుస్తుంది.

ఇప్పుడు ఎవరికి ఏది అంటే, చేతిలో వెయ్యి రెండు వేలే ఉంటే డాంగిల్, కేబుల్. రోజూ వినేవాళ్లు, ఇంట్లో నలుగురు పాటలు మార్చేవాళ్లు వైఫై స్ట్రీమర్ తీసుకోండి. బ్లూటూత్ రిసీవర్ ఆంప్‌లో ఎలాగూ ఉంటే చుట్టాల కోసం ఉంచండి, విడిగా కొనొద్దు. సీడీలు వందకి పైగా ఉంటే రిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి స్ట్రీమర్‌కి గుచ్చండి. సీడీ కవరు చేతిలో పట్టుకుని పాటల పేర్లు చదువుతూ వినే అలవాటుంటే ప్లేయర్ ఉంచుకోండి, దానికి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు.

పది వేల పైన పెట్టదలుచుకుంటే మాత్రం ముందు గది చూడండి. మన హాళ్లలో కింద టైల్స్, పక్కన అద్దాల కిటికీ, ఖాళీ గోడలు. చప్పట్లు కొడితే తిరిగి మోగుతుంది. స్పీకర్లేమో షోకేసులో బొమ్మల పక్కన ఇరుక్కుని ఉంటాయి. వాటిని బయటికి లాగి, చెవి ఎత్తుకి తెచ్చి, వెనక జానెడు రెండు జానలు వదిలి, ముందు జంపఖానా పరచండి. పలచటి జంపఖానా పై శబ్దాలను మాత్రమే ఆపుతుంది, కింద పాత బొంత ఒకటి వేస్తే ఇంకా నయం. మా ఇంట్లో బొంత వేసిన రోజు వచ్చిన మార్పు నేను మార్చిన మూడు డాక్‌లలో ఏదీ తేలేదు.

మా బావ ప్లేయర్ తిరిగి తెనాలి వెళ్లిపోయింది, మళ్లీ ఒళ్లోనే. పోయిన నెల రెండు అట్టపెట్టెల నిండా సీడీలు పంపించాడు, మీద స్కెచ్ పెన్నుతో 'జాగ్రత్త, గీతలు పడితే ఊరుకోను' అని రాసి. వారానికి పది చొప్పున రిప్ చేస్తున్నాను. ఇంకా నూట నలభై ఉన్నాయి.